వేరుశనగకు పేరు పెట్టినవాడు

ధర్మవరమునుండి పెనుకొండ మీదుగా హిందూపురము పోవు రైలుదారికి ఇరుప్రక్కల నేల ఎఱ్ఱనిది, లోతు తక్కువది, గులకరాళ్లు కలది. ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు పిలిచిన నాటికి రాదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో ఆ నేలనుండి కొఱ్ఱయు ఆరికయు జొన్నయు క్రమముగా తొలగి, వాని చోట వేరుశనగ పరచుకొన్నది. అవిభక్త అనంతపురము జిల్లాలో కొన్ని సంవత్సరములు 8 లక్షల హెక్టార్లకు పైగా ఈ ఒక్క పంటయే ఉండెను. పసుపుపచ్చని పూవును గాలిలో పూచి, ఊడను మంటిలోనికి దించి, కాయను మాత్రము కంటికి కానరాకుండ నేల లోపల పెంచుకొను మొక్క యిది. బుడ్డలని ఆ సీమవారు పిలుచు ఈ కాయకు తన్ను తాను చాటుకొను గుణము పుట్టుకలోనే లేదు.

పేరు చాటుకొనుట ఆ త్రోవలోని ఊళ్లకు తెలియని విద్య కాదు. ధర్మవరపు పట్టుచీర ఊరిపేరుతోనే పెండ్లిపందిళ్లకు పోవును. భౌగోళిక గుర్తింపు చట్టము ఆ పేరునకు కాపు కూడ నిచ్చినది. హిందూపురపు బెల్లమునకు, చింతపండునకు సంతలలో పలుకుబడి కలదు. 1565లో తల్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండకు పేరు ప్రత్యేకముగ చెప్పవలసిన పని లేదు. వేరుశనగ మాత్రము గోనెసంచిలో బయలుదేరి నూనెమిల్లు చేరి, అచ్చట మరియొకరి పేరు తగిలించుకొని డబ్బాలో బయటికి వచ్చును. లేదా వేగి, రైలు ఆగినచోట కాగితపు పొట్లములో ప్రయాణికుని చేతికి పోవును. ఆ పొట్లము కట్టినవాడెవడో కొన్నవాడు అడుగడు. పండించినవాడెవడో అమ్మినవానికే తెలియదు.

పందొమ్మిదవ శతాబ్దము చివర అమెరికాలోను ఇంచుమించుగ ఇదే స్థితి. దక్షిణ అమెరికాలో పుట్టి, లోకము చుట్టి, బానిసల నెక్కించిన ఓడలతోడ ఆఫ్రికానుండి ఉత్తర అమెరికా చేరిన పంట యది. చాలకాలము దానిని పందుల మేతగా, పేదల తిండిగా చూచిరి. 1861 నుండి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధములో ఆకలిగొన్న సైనికులు దాని రుచి మరిగిరి. అటుపిమ్మట సర్కసు డేరాలలో, బంతియాటల మైదానములలో అది వేడివేడిగా అమ్ముడుపోయెను. నాటకశాలలో అన్నిటికంటె చవుకైన మేడవరుసకు వేరుశనగ గ్యాలరీ యనునదే పేరు. మన నేలక్లాసు వంటిదన్నమాట. పెద్దమనుష్యుల బల్లమీదికి అది రాలేదు. అట్టి గింజకు ఒక పేరును, ఒక రూపమును, ఒక గౌరవమును కల్పించి, ఐదు సెంట్ల సంచిలో పెట్టి దేశమంతట తిప్పినవాడు అమేదేయో ఒబీచి.

ఒబీచి 1877లో ఉత్తర ఇటలీలోని వేనెతో ప్రాంతమున, త్రెవీజో సమీపముననున్న ఒదేర్జో పట్టణములో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టి జీవించువాడు. బాలునకు ఏడేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆ కాలమున వేనెతో పల్లెలు కఱవుతోడను అప్పులతోడను సగము ఖాళీయై, జనము ఓడలెక్కి అమెరికా ఖండములకు తరలిపోవుచుండిరి. 1889లో, సుమారు పన్నెండేండ్ల వయస్సున, ఈ బాలుడు తల్లిని, తోబుట్టువులను విడిచి ఒంటరిగ ఓడ ఎక్కెను. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి స్క్రాంటన్ పట్టణములో మేనమామ యుండెను. ఆ మేనమామ చిరునామాయే అతని ఆస్తి. ఆంగ్లము ఒక్క ముక్క రాదు.

స్క్రాంటన్, దాని పొరుగుననున్న విల్క్స్‌బారీ బొగ్గుగనుల ఊళ్లు. ఇటలీనుండి, పోలండునుండి, ఐర్లండునుండి వచ్చిన కూలివారు భూమిలో దిగి గట్టి బొగ్గు తవ్వుచుండిరి. ఒబీచి గనిలోనికి దిగలేదు. పండ్ల అంగళ్లలో పనికి కుదిరి పగలు బేరములు చూచి, రాత్రిబడిలో ఆంగ్లము నేర్చుకొనెను. నాణెమునకు నాణెము చేర్చి, కొన్నియేండ్లకు తల్లిని, తోబుట్టువులను తనకడకు రప్పించుకొనెను. పరదేశములో నిలద్రొక్కుకొన్న ప్రతివాని చరిత్రలోను ఈ ఘట్టము ఉండును గనుక దీనిని పొడిగింప నక్కరలేదు. అసలు కథ విల్క్స్‌బారీలో అతడు సొంతముగ పెట్టుకొన్న చిన్న పండ్ల అంగడితో మొదలగును.

ఆ అంగడి ముందర అతడొక వేరుశనగలు వేచు యంత్రము నిలిపెను. నాలుగున్నర డాలర్లకు కొన్న పాతదని చెప్పుదురు. పండు కంటికి కనబడవలెను. వేగుచున్న వేరుశనగ కనబడనక్కరలేదు, దాని వాసన వీధి మలుపుదాక పోయి మనిషిని చేయిపట్టి తీసికొనివచ్చును. ఇది ఎరిగిన వర్తకులు అనేకులుండిరి. కాని వేపుటలో నున్న చిక్కును పట్టించుకొన్నవారు తక్కువ. చేతితో త్రిప్పు పీపాలో గింజలు వేగుచుండగ, కొనువాడొకడు వచ్చి బేరమాడిన చేయి ఆగును. చేయి ఆగిన అడుగు గింజ మాడును, పై గింజ పచ్చిగ నుండును. ఒకే పొట్లములో మాడినది, పచ్చిది, వేగినది మూడును వచ్చును. మూకుడులో చెనిక్కాయలు వేచిన ఏ ఇల్లాలినడిగినను ఈ సంగతి చెప్పును. ఒబీచి ఆ పీపా తనంతట తిరుగునట్లు యంత్రమును సవరించుకొనెను. నేటి కొలుచువారికి అది అల్పమైన మార్పు. కాని నిన్న తిన్న రుచియే నేడును దొరకుననెడి నమ్మకము ఆ పీపాలో పుట్టినది. ఆ నమ్మకము లేనిచోట పేరు పెట్టి ప్రయోజనము లేదు. చెడ్డ సరుకునకు పేరు పెట్టిన, ఏది కొనరాదో జనులకు సులభముగ గుర్తుండుట మాత్రమే జరుగును.

క్రమముగ అతడు పండ్లను వెనుకకు నెట్టి వేరుశనగ నిపుణుడనని బోర్డు కట్టుకొనెను. అంతవరకు జనులు పెంకుతో వేచిన కాయను కొని, ఒలుచుకొని తినెడివారు. ఒబీచికి తరువాత భాగస్వామియైన మిత్రుడు పెంకు తీసి, పప్పుపైనున్న ఎఱ్ఱని పొరను కూడ తొలగించి, బద్దలు కాకుండ నిండుపప్పును నిలిపి, వేచి, ఉప్పు పట్టించు పద్ధతిని సాధించెను. పొర ఊడవలెను, పప్పు రెండుగ చీలరాదు. ఈ రెండింటిని ఒక్కసారి సాధించుట తేలిక కాదు. పొట్టుపోయిన తెల్లని నిండుపప్పు, పైన ఉప్పు మెఱుపు: తినువాని చేయి మురికి కాదు, కూర్చున్నచోట పెంకులు పడవు. సర్కసు డేరాలోని తిండి ఇంటి గదిలోనికి వచ్చుటకు అడ్డము ఆ పెంకే యని గ్రహించిన బుద్ధి యది.

1906లో మారియో పెరూజ్జి యను మిత్రుని భాగస్వామిగ చేర్చుకొని విల్క్స్‌బారీలో ఒబీచి కర్మశాల నెలకొల్పెను. ఈ పెరూజ్జి తరువాత అతని చెల్లెలిని వివాహమాడెను. పెద్ద వేపుడు యంత్రములు రెండు, పనివారు ఆరుగురు. సంస్థకు ప్లాంటర్స్ అని పేరు పెట్టిరి. తోటల యజమానులని దాని అర్థము. పెట్టినవానికి ఒక్క ఎకరము తోట లేదు! గంభీరముగ వినబడునని ఆ మాట నేరుకొనెను. నిజమునకు మిక్కిలి దూరముగ నడచిన పేరే యైనను, అది చేసిన పని గొప్పది. బండిమీద అమ్ముడుపోవు గింజకు అది ఇల్లు వాకిలి ఉన్నట్లు తోచునట్లు చేసినది. 1908లో ఆ సంస్థ చట్టబద్ధమైన కంపెనీ యాయెను.

ఇక సంచి సంగతి. వేగిన వేరుశనగలో ఇంచుమించు సగము నూనె. గాలి తగిలిన ముక్కవాసన వచ్చును, తేమ తగిలిన మెత్తబడును. దుకాణదారుడు పెద్ద జాడీలోనుండి చేతితో తీసి తూచి ఇచ్చినంతకాలము, లోనిది ఎన్నాళ్లదో, ఎవరిదో తెలియు దారి లేదు. మంచి సరుకుపై చెడ్డ సరుకు పోసినను జాడీ నోరు విప్పదు. ఒబీచి నూనె ఇంకని కాగితపు సంచులలో కొలతప్రకారము పప్పు నింపి, మూసి, పేరచ్చొత్తి, ఒక్కొక్కటి ఐదు సెంట్లకు అమ్మించెను. ఐదు సెంట్లకు మధ్యాహ్న భోజనమని దానిని ప్రచారము చేసెను. పప్పు తూకములో నాలుగవ వంతు మాంసకృత్తులే గనుక, కూలివాని విషయమున అది బొత్తిగ అతిశయోక్తియు కాదు. సంచి మూయుటతో దుకాణదారునకును గింజకును మధ్యనున్న సంబంధము తెగిపోయినది. ఇక జవాబుదారి యెవడో సంచిమీదనే ఉన్నది. మొదటిసారి కొన్నవానివలన వచ్చు లాభముకంటె రెండవసారి వెదకికొని వచ్చువాడే ముఖ్యమనునది అతని వర్తకనీతి. పేరు లేని సరుకును రెండవసారి ఎట్లు వెదకుట?

తన పేరును పిల్లలచేత కంఠస్థము చేయించిన ఉపాయము కూడ అతనిదే. ప్రతి సంచిలోను ఒక చీటి, చీటిమీద ఒక అక్షరము. ఒబీచి పేరునకు కావలసిన అక్షరములన్నియు కూర్చి పంపినవారికి గడియారము బహుమానము. ఇటాలియను పేరు పలుకలేని అమెరికను బాలురు, ఆ పేరున ఏ అక్షరము తరువాత ఏది వచ్చునో వీధులలో లెక్కించుకొనిరి. పరదేశపు పేరు పెట్టుకొన్నవారు సిగ్గుపడి దానిని మార్చుకొనుచుండిన దినములవి. అతడు మార్చుకొనలేదు, పైగా దానిని పజిలుగ చేసి పంచిపెట్టెను.

ఇంచుమించుగ అదే కాలమున మన తెలుగువాడొకడు ఇట్టి మార్గముననే నడచెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనము ప్రారంభించి, సంగీత సభలలో వినవచ్చినవారికి చిన్న నమూనాలు ఉచితముగ పంచి, తలనొప్పి యనగనే ఆ పేరు నోట పలుకునట్లు చేసెను. ఒబీచి సంస్థ కంపెనీగ ఏర్పడిన 1908లోనే పంతులుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించిరి. ఒకరిది తలకు పూయునది, ఒకరిది నోట వేసికొనునది. డబ్బాలో చిన్నది, లోకములో పెద్దది అనిపించుకొను విద్య ఇద్దరికిని తెలియును. ఆ డబ్బు తెలుగునాట పత్రికగ, గ్రంథములుగ మారినది. ఒబీచి డబ్బు ఏమయ్యెనో తరువాత వచ్చును.

విల్క్స్‌బారీలో వేరుశనగ పండదు. అది పండునది వందల మైళ్ల దక్షిణమున, వర్జీనియా, ఉత్తర కరోలినా ఇసుకనేలలలో. రైతునుండి ఊరి వర్తకుడు, వానినుండి పెంకు తీయించువాడు, వానినుండి టోకు వ్యాపారి, ఇన్ని చేతులు దాటి గింజ ఒబీచి కర్మశాలకు చేరుచుండెను. చేయి మారినప్పుడెల్ల ధర పెరుగును, నాణ్యము తరుగును. 1913లో అతడు వర్జీనియాలోని సఫోక్ పట్టణమున, పంటపొలముల నడుమ, పెద్ద కర్మాగారము కట్టించెను. మధ్యవర్తులను తప్పించి రైతుల సరుకునకు దగ్గర కావలెనని అతని యుద్దేశము. సఫోక్ వేరుశనగ రాజధాని యని పేరొందినది.

ఇచ్చట తొందరపడి అతనిని రైతుబంధువని పొగడుట తగదు. మధ్యవాడు తొలగిన రైతుకు కొంత మేలు. కాని ఊరికంతకు ఒక్కడే పెద్ద కొనుగోలుదారుడైన, ధర చెప్పువాడును అతడే యగును. కర్మాగారములో గింజలేరి, రంగు మారినవానిని తీసివేయు పని చేసినవారిలో అనేకులు నల్లజాతి స్త్రీలు. జాతివేర్పాటు చట్టములు దక్షిణ రాష్ట్రములలో నిరాటంకముగ అమలగుచుండిన రోజులవి. తెల్లని నిండుపప్పు సంచిలో మెఱయుటకు వారి వ్రేళ్లు కారణము; సంచిపై వారి గుర్తు లేదు. రైతు ధరకై చేసిన పోరాటము వేఱుగ సాగినది. చీనా, జపాను దేశములనుండి చవుక వేరుశనగ దిగుమతియై ధరలు కూలినప్పుడు, 1921లో, బానిసబిడ్డగ పుట్టి శాస్త్రజ్ఞుడైన జార్జి వాషింగ్టన్ కార్వర్ అమెరికా పార్లమెంటు సంఘము ఎదుట నిలిచి, వేరుశనగతో చేయదగిన వస్తువులను పెట్టెనుండి ఒక్కొక్కటి తీసి చూపి, దిగుమతి సుంకము అవసరమును వివరించెను. అమెరికాలో ఈ పంట పేరెత్తిన నేటికిని బాలురకు మొదట స్ఫురించునది కార్వరే. ఆయన గింజలోని గుణములను వెదకెను. ఒబీచి ఆ గింజకు కొనువానిని వెదకెను. రెండవ పని మొదటిదానికంటె తక్కువదని విద్యావంతులు తలచుట కద్దు. కొనువాడు లేని పంటను ఇంటిలో పోసికొని కూర్చున్న రైతు అట్లు తలపడు.

1916 ఒబీచి జీవితములో రెండు విధముల ముఖ్యమైన సంవత్సరము. తనవలెనే విల్క్స్‌బారీలో వేరుశనగల అంగడి నడిపిన లూయిస్ ముసాంతేను ఆ యేట వివాహమాడెను. ఆ యేటనే తన సరుకునకొక గుర్తు కావలెనని పోటీ ప్రకటించెను. గుర్తు గీయుటకు పేరుమోసిన చిత్రకారులను పిలువలేదు, బడిపిల్లలను పిలిచెను. బహుమానము ఐదు డాలర్లు.

గెలిచినవాడు సఫోక్‌లోని ఆంటోనియో జెంటిలే యను బాలుడు. అతడును ఇటలీనుండి వలసవచ్చిన కుటుంబమువాడే. ఆ పిల్లవాడు గీసినదేమన: పెంకుతోనున్న వేరుశనగకాయ, దానికి కాళ్లు, చేతులు, చేతిలో కఱ్ఱ. నడుము సన్నమై క్రిందు మీదు ఉబ్బిన కాయలో మనిషి యాకారము దాగియున్నదని పిల్లవాని కన్ను పట్టుకొనెను. ఏండ్ల తరబడి ఆ కాయలు బండ్లకొద్ది చూచిన వర్తకులకు అది కనబడలేదు. అటుపై వృత్తి చిత్రకారుడొకడు ఆ బొమ్మకు పొడవైన టోపీయు, ఒంటికంటి అద్దమును తగిలించెను. మిస్టర్ పీనట్ పుట్టెను.

ఈ వేషధారణను కొంచెము ఆలోచింపవలెను. పందుల మేతయై, బానిసల పొలములలో పెరిగి, చవుక గ్యాలరీలో నమలబడిన గింజ దొరబాబు వేషము వేసినది. బొమ్మను చూచిన ధనికుడు నవ్వి, నవ్వుచునే సంచిని ఇంటికి తెచ్చుకొనెను. కూలివాడు ఐదు సెంట్లకు దొరల తిండి తినుచున్నాననుకొనెను. ఒకే బొమ్మ ఇద్దరికిని రెండు విధముల పనికివచ్చినది. హిందూపురపు సంతకు వచ్చు రైతు తలపాగా చుట్టుకొనును, భుజమున కంబళి వేసికొనును. టోపీకంటె ఆ వేషములో అందము తక్కువ కాదు. కాని ఆ రూపమును గింజకు తొడిగి లోకమునకు చూపించు పోటీ ఆ సీమ బడులలో ఎవరును పెట్టలేదు.

ఒబీచికి జెంటిలే కుటుంబముతో స్నేహమేర్పడెను. ఆ బాలుని పైచదువులకైన వ్యయమును అతడే భరించెను. జెంటిలే వైద్యుడై, 1939లో చిన్నవయస్సుననే మరణించెను. పిల్లవాడు గీసిన మూలచిత్రములను అతని కుటుంబమువారు భద్రపరచి, 2013లో వాషింగ్టనులోని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు ఇచ్చిరి. ఐదు డాలర్ల బహుమానమునకు ఈపాటి తరువాయి కలుగుట అరుదు. ఒబీచి ఒప్పందము ప్రకారము ఐదు డాలర్లతోనే చేతులు దులుపుకొనియుండ వచ్చును గదా.

1918లో దేశమంతట చదువబడు పెద్ద వారపత్రికలో కంపెనీ ప్రకటనలు వెలువడెను. ఉప్పు వేరుశనగకు ఆ స్థాయి ప్రకటన అంతకుముందు లేదు. కర్మాగారములు పెరిగెను, సముద్రతీరపు విహారస్థలములలో పెంకు ఆకారపు తొడుగు వేసికొన్న మనుష్యులు కఱ్ఱ త్రిప్పుచు తిరిగిరి. ఆ యేండ్లలోని లాభముల వివరము వర్తకశాస్త్రమువారికి ప్రియమగును గాని కథకు కొత్త రుచి నీయదు.

దీనిలో ఒక్క సంగతి మాత్రము అనంతపురపు నేలకు సంబంధించినది కలదు. ఒబీచి రంగు మారిన గింజను ఏరి పారవేయించినది అందమునకై. ఆ ఏరివేతలో ఎంత మేలు దాగియున్నదో అతనికి తెలియదు, నాడెవరికిని తెలియదు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీకోళ్లు ఒక్కసారి చచ్చిపోగ, శాస్త్రజ్ఞులు పరిశోధించి, బ్రెజిలునుండి వచ్చిన వేరుశనగపిండిలో బూజు పుట్టించిన విషమే కారణమని కనుగొనిరి. ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. కాయ ఊరు దశలో వాన మొగము చాటువేసినచోట ఆ బూజు కాయలో చేరుట కెక్కువ అవకాశము. ధర్మవరము, పెనుకొండ పొలములలో వాన మొగము చాటువేయుట ఏటేటి సంగతి. అందుచేత ఆ సీమ గింజకు ఏరివేతయు, పరీక్షయు, ఆరబెట్టుటలో జాగ్రత్తయు అలంకారములు కావు. విదేశపు రేవులో సరుకు దిగునో తిరిగివచ్చునో నిర్ణయించునవి అవియే. గోనెసంచిలో వంద పొలముల కాయ కలసిపోయిన పిమ్మట, శ్రద్ధతో ఆరబెట్టిన రైతు సరుకును అశ్రద్ధ చేసినవాని సరుకును వేఱుచేయు దారి లేదు. ఇద్దరికిని ఒకటే ధర. విల్క్స్‌బారీ దుకాణములోని జాడీ ఇచ్చట గోనెసంచి యైనది, అంతే భేదము. అనంతపురమున పండునది ఎక్కువగ చిన్నగింజ గుత్తిరకము. వర్జీనియావలె బొద్దుగింజ కాదు. రుచిలో మాత్రము చిన్నగింజ తీసిపోదు. బెల్లపు పాకమున కట్టిన ఉండ కొరికినవారెవ్వరును ఈ మాట కాదనరు.

ఒబీచి దంపతులకు సంతానము లేదు. సఫోక్ చెంత నాన్సిమండ్ నది యొడ్డున వారు ఇల్లు కట్టుకొని నివసించిరి. 1938లో లూయిస్ గతించెను. ఆమె పేర సఫోక్‌లో ఒక ఆసుపత్రి కట్టింపవలెనని ఒబీచి సంకల్పించి, తన ధనమును అందులకై వినియోగింప వీలునామా వ్రాసెను. పని పూర్తియగుట చూడకయే 1947 మే నెలలో, తాను అంగడి పెట్టిన విల్క్స్‌బారీలోనే, 69వ యేట మరణించెను. లూయిస్ ఒబీచి స్మారక ఆసుపత్రి 1951లో తలుపులు తెరచెను.

కంపెనీ మాత్రము చేతులు మారుచు వచ్చినది. 1960లో స్టాండర్డ్ బ్రాండ్స్ సంస్థ దానిని కొనెను. 1981లో అది నబిస్కోతో కలసెను. 2000లో క్రాఫ్ట్ చేతికి పోయెను. 2021లో హార్మెల్ అను మాంసాహార సంస్థ 335 కోట్ల డాలర్లకు కొనుక్కొనెను. 2020లో ప్రకటనలు వ్రాయువారు టోపీవాని బొమ్మను చంపించి, కొన్నాళ్లకు పసిబిడ్డగ మరల పుట్టించిరి. బొమ్మకు పునర్జన్మ కూడ దొరకినది. ఒకప్పుడు పిల్లలు అక్షరమక్షరము కూర్చుకొన్న ఒబీచి పేరు ఆ సంచిమీద నేడు లేదు. 2002లో కొత్త భవనములోనికి మారిన సఫోక్ ఆసుపత్రి ద్వారముపై ఉన్నది.